6 గంటల గీత: ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో బిల్డ్ టైమ్ లిమిట్‌తో ఎలా నెగ్గుకురావాలి?

ఈ ఎపిసోడ్‌లో కొంచెం తెర వెనక సంగతి మాట్లాడుకుందాం. మీ ఫోన్‌లో ఏదో ఒక ఓపెన్ సోర్స్ యాప్ ఉండే ఉంటుంది. వీఎల్‌సీ కావచ్చు, ఫైర్‌ఫాక్స్ కావచ్చు, టర్మక్స్ కావచ్చు. ఇలాంటి ప్రాజెక్టుకి ఎక్కడో ఒకరు కోడ్‌లో చిన్న మార్పు చేసి పంపిస్తారు. ఆ మార్పు వల్ల యాప్ పాడవలేదని చూసేదెవరు? మనిషి కంటే ముందు ఒక మెషీన్ చూస్తుంది. కోడ్ తీసుకుని, మొదటి నుంచి బిల్డ్ చేసి, టెస్టులన్నీ నడిపిస్తుంది. అన్నీ బాగుంటే పచ్చ టిక్ పెడుతుంది, లేకపోతే ఎర్ర ఇంటూ. దీన్నే కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్ అంటారు, షార్ట్‌గా సీఐ.

ఇందులో ఒక చిక్కుంది. ఆ మెషీన్ మనది కాదు, ఎవరో ఫ్రీగా ఇచ్చింది. దానికి టైమ్ లిమిట్ ఉంటుంది. ఎంసెట్ హాల్ గుర్తు తెచ్చుకోండి. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. మీకు అన్నీ వచ్చినా సరే, టైమ్ అయిపోతే అంతే. బిల్డ్ కూడా అలాగే ఆగిపోతుంది. కోడ్‌లో తప్పు లేదు, ఏ టెస్టూ ఫెయిల్ కాలేదు, అయినా ఎర్ర గుర్తు పడుతుంది. కొత్తగా ప్రాజెక్టులోకి వచ్చిన స్టూడెంట్ దాన్ని చూసి "నా కోడే పాడైపోయిందేమో" అనుకుని వెళ్లిపోతే, నష్టం ఆ ప్రాజెక్టుదే.

అసలు లిమిట్ ఎందుకు?

రెండు కారణాలు. ఒకటి, బిల్డ్ ఎక్కడో ఇరుక్కుపోయిందనుకోండి, ఆపేవాళ్లు లేకపోతే మెషీన్ రోజుల తరబడి ఊరికే తిరుగుతూనే ఉంటుంది. రెండోది, ఫ్రీ మెషీన్ అనగానే దాని మీద క్రిప్టో మైనింగ్ చేసేవాళ్లు వచ్చేస్తారు. ఈ బెడద తట్టుకోలేకే గిట్‌ల్యాబ్ 2021లో కొత్త ఫ్రీ యూజర్లను కార్డు వివరాలు అడగడం మొదలుపెట్టింది.

ట్రావిస్ సీఐ కథ కూడా చెప్పుకోవాలి. 2011లో బెర్లిన్‌లో మొదలైంది. కొన్నేళ్లపాటు ఓపెన్ సోర్స్ వాళ్లకి సీఐ అంటే ట్రావిసే. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి అక్కడ ఒక్కో జాబ్‌కి 50 నిమిషాలు లిమిట్. ఇంకో రూల్ కూడా ఉండేది: 10 నిమిషాలపాటు స్క్రీన్ మీద ఒక్క అక్షరం కూడా పడకపోతే బిల్డ్‌ని ఆపేసేది. 2020 నవంబర్‌లో వాళ్లు క్రెడిట్ల పద్ధతి తెచ్చారు. 2021 జూన్‌లో ఓపెన్ సోర్స్ కోసం నడిపిన పాత సైట్ మూతపడింది. బోలెడన్ని ప్రాజెక్టులు మూటాముల్లె సర్దుకుని వేరే చోటికి వెళ్లాల్సి వచ్చింది. ఫ్రీ టైమ్ ఎప్పటికీ మనదే అనుకోకూడదని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

ఇప్పుడు ఎక్కువమంది వాడేది గిట్‌హబ్ యాక్షన్స్. గిట్‌హబ్ ఇచ్చే మెషీన్ మీద ఒక్కో జాబ్‌కి 6 గంటలు లిమిట్. పబ్లిక్ ప్రాజెక్టులకి మామూలు మెషీన్లు ఫ్రీ. ప్రైవేట్ ప్రాజెక్టుకైతే ఫ్రీ ప్లాన్‌లో నెలకి 2,000 నిమిషాలు. ఎఫ్-డ్రాయిడ్ యాప్ స్టోర్ తెలుసుగా? అక్కడ యాప్‌లను వాళ్ల సర్వర్ మీదే బిల్డ్ చేస్తారు, మామూలుగా ఒక్కో బిల్డ్‌కి 7,200 సెకన్లు, అంటే 2 గంటలు. దాటితే బిల్డ్ నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ని బలవంతంగా ఆపేస్తారు.

ముందు కొలవండి

బిల్డ్ లేటవుతోంది అనగానే చాలామంది చేసే పని, లిమిట్ పెంచుకోవడం ఎలా అని వెతకడం. నేనైతే ముందు లాగ్ చూడమంటాను. గిట్‌హబ్‌లో లాగిన్ అయి, యాక్షన్స్ పేజీలో ఒక జాబ్ తెరిస్తే, ప్రతి స్టెప్ పక్కన ఎంతసేపు పట్టిందో ఉంటుంది. ఫోన్ బ్రౌజర్‌లోనే చూడొచ్చు. టైమ్ డౌన్‌లోడ్‌కి పోతోందా, కంపైల్‌కి పోతోందా, టెస్టులకి పోతోందా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

ఇంకా లోపలికి వెళ్లడానికి టూల్స్ ఉన్నాయి. పైథాన్‌లో పైటెస్ట్ వాడితే డ్యూరేషన్స్ అనే ఆప్షన్ ఉంది, ఏ టెస్టులు అన్నిటికంటే స్లోగా ఉన్నాయో వరసగా చూపిస్తుంది. ఆండ్రాయిడ్ వాళ్లకి గ్రేడిల్‌లో ప్రొఫైల్ ఆప్షన్, రస్ట్ వాళ్లకి కార్గోలో టైమింగ్స్ ఆప్షన్ ఉన్నాయి. జ్వరమెంతో చూడకుండా మందు వేసుకోం కదా, ఇదీ అంతే.

చేసిన పనే మళ్లీ చేయొద్దు

ఇడ్లీ వేయాలనుకున్న ప్రతిసారీ అప్పటికప్పుడు పప్పు నానబెట్టి రుబ్బుతామా? రాత్రే రుబ్బి పెట్టుకుంటాం. సీఐ మెషీన్‌కి ఆ తెలివి దానంతట దానికి రాదు. ప్రతిసారీ ఖాళీ మెషీన్ వస్తుంది, లైబ్రరీలన్నీ మళ్లీ డౌన్‌లోడ్ చేస్తుంది, మారని ఫైళ్లని కూడా మళ్లీ కంపైల్ చేస్తుంది. అందుకే క్యాష్ వాడాలి. డౌన్‌లోడ్ చేసిన లైబ్రరీలను దాచిపెట్టి, లాక్ ఫైల్ మారినప్పుడే కొత్తవి తెచ్చుకోవాలి. సీ, సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టులకైతే సీసీక్యాష్ అనే టూల్ ఉంది, సాంబా రాసిన ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టింది. ఒకసారి కంపైల్ చేసిన ఫైల్ మారకపోతే, పాత ఫలితాన్నే తీసిస్తుంది.

పిండి ఎక్కువ రోజులుంటే పులిసిపోయినట్టు, క్యాష్ కూడా పాతబడుతుంది. కంపైలర్ వెర్షన్ మారినా పాత క్యాషే వాడుతుంటే వింత ఎర్రర్లు వస్తాయి. అందుకే క్యాష్ పేరులో ఆపరేటింగ్ సిస్టమ్, కంపైలర్ వెర్షన్, లాక్ ఫైల్ హ్యాష్ మూడూ ఉండాలి. గిట్‌హబ్‌లో మామూలుగా ఒక ప్రాజెక్టుకి 10 జీబీ క్యాష్ ఇస్తారు, 7 రోజులు ఎవరూ ముట్టుకోకపోతే తీసేస్తారు. ఒకరి పుల్ రిక్వెస్ట్‌లో తయారైన క్యాష్ ఇంకొకరి పుల్ రిక్వెస్ట్‌కి కనబడదు. మెయిన్ బ్రాంచ్‌లో తయారైంది మాత్రం అందరికీ దొరుకుతుంది. కాబట్టి మెయిన్ బ్రాంచ్ మీద కూడా బిల్డ్ నడిపి అక్కడ క్యాష్ నింపండి.

అక్కర్లేని పని ఆపండి

ఒక లెక్క వేద్దాం. మీ ప్రాజెక్టుని 3 ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద, 4 పైథాన్ వెర్షన్లతో టెస్ట్ చేస్తున్నారనుకోండి. 12 జాబ్‌లు. ఒక్కోటి 25 నిమిషాలైతే మొత్తం 300 నిమిషాలు, అంటే 5 గంటల మెషీన్ టైమ్. ఎవరో రీడ్‌మీలో ఒక స్పెల్లింగ్ సరిచేశారు. దానికి 5 గంటలు! ఇంకెవరో 10 నిమిషాల్లో మూడుసార్లు పుష్ చేశారు. 36 జాబ్‌లు. గిట్‌హబ్ ఫ్రీ ప్లాన్‌లో ఒకేసారి నడిచేవి 20, మిగతావన్నీ క్యూలో నిలబడాల్సిందే.

దీనికి మూడు పనులు చేయొచ్చు. డాక్యుమెంట్లు మాత్రమే మారితే బిల్డ్ నడవకుండా పాత్స్-ఇగ్నోర్ పెట్టండి. కొత్త పుష్ రాగానే అదే బ్రాంచ్ మీద నడుస్తున్న పాత బిల్డ్ ఆగిపోయేలా కాన్‌కరెన్సీ సెట్టింగ్ పెట్టండి. మూడోది, పుల్ రిక్వెస్ట్‌కి అన్ని కాంబినేషన్లూ అక్కర్లేదు. అన్నిటికంటే పాత వెర్షన్, అన్నిటికంటే కొత్త వెర్షన్ చూస్తే చాలావరకు తప్పులు దొరికిపోతాయి. మొత్తం 12 రాత్రిపూట ఒకసారి నడిపించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: పబ్లిక్ ప్రాజెక్టులో 60 రోజులు ఏ కదలికా లేకపోతే, ఇలా షెడ్యూల్ చేసినవాటిని గిట్‌హబ్ ఆపేస్తుంది.

పంచుకోండి, కానీ లెక్క చూసుకుని

టెస్టులకే 40 నిమిషాలు పడుతోంది, సెటప్‌కి 5. మొత్తం 45. టెస్టులను నాలుగు భాగాలు చేసి నాలుగు మెషీన్ల మీద నడిపితే ఒక్కో మెషీన్‌కి 10 నిమిషాల టెస్టులు, 5 నిమిషాల సెటప్, అంటే 15 నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ మెషీన్ టైమ్ 45 నుంచి 60 నిమిషాలకి పెరిగింది, ఎందుకంటే సెటప్ నాలుగుసార్లు జరిగింది. నిమిషాలు కొనుక్కుంటున్నవాళ్లకి ఇది ఖర్చే. జవాబు తొందరగా కావాలా, నిమిషాలు మిగలాలా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఎంత చేసినా 6 గంటలు చాలకపోతే?

అలాంటివి నిజంగా ఉన్నాయి. క్రోమియం బ్రౌజర్ మామూలు ఫ్రీ మెషీన్ మీద 6 గంటల్లో పూర్తికాదు. అన్‌గూగుల్డ్ క్రోమియం ప్రాజెక్టు విండోస్ బిల్డ్‌కి ఏం చేస్తుందో చూడండి. లిమిట్ రాకముందే తనే బిల్డ్ ఆపుకుంటుంది. అప్పటివరకు అయిన పనినంతా ఆర్కైవ్ చేసి దాస్తుంది. తర్వాతి జాబ్ దాన్ని విప్పి, ఆగిన చోటి నుంచి మొదలుపెడుతుంది. రిలే పరుగులో కర్ర అందించినట్టు.

కాండా-ఫోర్జ్ అనే ప్యాకేజీల సముదాయం ఇంకో దారి కూడా పెట్టుకుంది. టైమ్‌లో పూర్తికాని పెద్ద ప్యాకేజీని నిర్వాహకులు సొంత మెషీన్ మీద బిల్డ్ చేసి, లాగ్‌లు అందరికీ చూపించి, ఇంకొకరి రివ్యూ తర్వాతే అప్‌లోడ్ చేయొచ్చు. లాగ్ ఎందుకు? ఎవరి మెషీన్‌లో ఏం కలిసిందో తెలియకుండా లక్షలమంది కంప్యూటర్లలోకి పంపకూడదు కదా.

మన ఫోన్లకి సంబంధించిన ముక్క ఒకటుంది. ఫోన్‌లో ఉండేది ఆర్మ్ చిప్. మామూలు సర్వర్ మీద ఎమ్యులేషన్ పెట్టి ఆర్మ్ బిల్డ్ చేస్తే చాలా రెట్లు స్లో అయిపోతుంది, లిమిట్ దాటేది తరచుగా ఇక్కడే. క్రాస్ కంపైల్ చేస్తే ఆ బాధ తప్పుతుంది. 2025 జనవరిలో గిట్‌హబ్ పబ్లిక్ ప్రాజెక్టులకి ఆర్మ్ లైనక్స్ మెషీన్లను కూడా ప్రివ్యూగా ఫ్రీగా ఇవ్వడం మొదలుపెట్టింది.

సొంత మెషీన్‌ని సీఐకి తగిలించేద్దాం అని కొందరు అనుకుంటారు. పబ్లిక్ ప్రాజెక్టుకి ఇది వద్దని గిట్‌హబ్బే చెబుతుంది. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు పంపిన కోడ్ మీ ఇంట్లో కంప్యూటర్ మీద నడుస్తుంది, ఆలోచించండి.

ఒక అడ్డదారి, ఒక మంచి అలవాటు

ట్రావిస్ రోజుల్లో ఒక చిట్కా బాగా తిరిగేది. 10 నిమిషాల మౌనం రూల్ దాటడానికి, వెనకాల ఒక లూప్ పెట్టి నిమిషానికో చుక్క ప్రింట్ చేయించేవాళ్లు. పని మెల్లగానైనా నిజంగా నడుస్తుంటే సరే. ఇరుక్కుపోతే? చుక్కలు పడుతూనే ఉంటాయి, మెషీన్ ఊరికే తిరుగుతూనే ఉంటుంది. బిల్డ్ ఎక్కడ ఆగిందో చెప్పే ఒక్క సాక్షి నోరు కూడా మనమే మూసినట్టు అవుతుంది.

దానికి బదులు మీరే చిన్న లిమిట్ పెట్టుకోండి. గిట్‌హబ్‌లో టైమౌట్-మినిట్స్ అని ఒక సెట్టింగ్ ఉంది. ఏమీ పెట్టకపోతే 360. మీ బిల్డ్ మామూలుగా 12 నిమిషాలైతే, అక్కడ 25 పెట్టండి. ఏదైనా ఇరుక్కుంటే 6 గంటల తర్వాత కాకుండా 25 నిమిషాలకే తెలుస్తుంది.

ఇదంతా ఎందుకంటే, ఓపెన్ సోర్స్‌లో చాలామంది పనిచేసేది కాలేజీ అయ్యాక, ఆఫీసు అయ్యాక మిగిలిన గంటలో. ఆ గంటలోపు జవాబు వస్తే తప్పు దిద్ది మళ్లీ పంపుతారు. రేపు వస్తే, రేపు వాళ్లకి పరీక్ష ఉండొచ్చు. సెక్యూరిటీ ప్యాచ్ అయితే అన్నాళ్లూ మన ఫోన్లు ఆ కన్నంతోనే ఉంటాయి. కాబట్టి 6 గంటల్లో పట్టిందా అని మాత్రమే చూడకండి, టీ తాగి వచ్చేలోపు జవాబు వచ్చిందా అని కూడా చూడండి.

ఈరోజు ఒక్క పని చేయండి. మీరు వాడే ఏదైనా ఓపెన్ సోర్స్ యాప్ ప్రాజెక్టులో యాక్షన్స్ పేజీ తెరిచి, అన్నిటికంటే స్లో స్టెప్ ఏదో కనిపెట్టండి. ఆ స్టెప్‌కి ఒక క్యాష్ సరిగ్గా పెట్టి పంపినా అది నిజమైన కాంట్రిబ్యూషనే. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.