మసాలా కోసం బయల్దేరి మన బట్ట దాకా

తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలికి సముద్రం చాలా దూరం. అయినా మన వంటింట్లోని మసాలా డబ్బా, మన వీధిలోని మగ్గం రెండూ సముద్రపు కథలోవే.

బగారా అన్నంలో వేసే లవంగం ఒకప్పుడు ఇండోనేషియాలోని మలుకు దీవుల్లోనే పండేది. జాజికాయ, జాపత్రి పక్కనున్న బండా దీవులవి. మిరియాలు, యాలకులు మలబారువి. అరబ్బు, గుజరాతీ వర్తకులు వీటిని ఎర్ర సముద్రం దాకా చేరిస్తే, ఈజిప్టులో వెనిస్ వాళ్లు కొని యూరప్‌లో అమ్మేవారు. చేతులు మారినకొద్దీ ధర పెరిగేది.

“1453లో తుర్కులు కాన్‌స్టాంటినోపుల్ గెలిచి దారి మూసేశారు, అందుకే యూరప్ వాళ్లు సముద్రం పట్టారు” అని పిల్లలు బడిలో చదువుకుని వస్తుంటారు. తేదీలు చూస్తే ఈ మాట నిలవదు. మసాలాలు ముఖ్యంగా వెళ్లింది ఈజిప్టు మీదుగా. ఈజిప్టు ఉస్మానియా తుర్కుల చేతికి వచ్చింది 1517లో. వాస్కోడిగామా కాలికట్‌లో దిగింది 1498లో, అంటే 19 ఏళ్లు ముందే! వెనిస్ వాళ్లకు, మధ్య వర్తకులకు పోయే లాభం తమకే రావాలన్నది పోర్చుగీసు ఆశ. ఆ ఆశ ఎంత దూరం పోయిందో 1502లో తెలిసింది. మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడను వాస్కోడిగామా మనుషులతో సహా తగలబెట్టించాడు.

కొలంబస్ అయితే మసాలా దేశాల కోసమే 1492లో పడమటికి పోయి అమెరికా చేరాడు. మిరప మొక్క అక్కడిదే. పోర్చుగీసుల ఓడల్లో మన దేశానికి వచ్చింది. దాని పేరు కూడా మిరియం మీద నుంచి పుట్టిందే.

తర్వాత వచ్చిన డచ్చివాళ్లకు దీవుల్లో ఒక సంగతి అర్థమైంది. అక్కడివాళ్లు లవంగాలకు బదులుగా బట్ట అడిగేవారు, అదీ మన తూర్పు తీరపు నూలుబట్ట, రంగు పోని అద్దకం. అందుకే 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు గోల్కొండ కుతుబ్ షాహీల రేవు మచిలీపట్నం వచ్చారు. వెండి తెచ్చి ఇక్కడ బట్ట కొనడం, ఆ బట్టతో అక్కడ మసాలా కొనడం, ఇదీ వాళ్ల లెక్క.

నేతగాళ్లకు ముందే బయానా ఇచ్చి, దళారులైన వర్తకుల ద్వారా బట్ట తీసుకునేవారు. సముద్రం మీది లాభం మగ్గం దాకా వచ్చేది కాదు. మాస్టర్ వీవర్ దగ్గర నూలు తెచ్చుకుని కూలికి చీర నేసే ఇళ్లకు ఈ పద్ధతి గురించి వేరే చెప్పక్కర్లేదు.