తేటనీరు – మంచినీరు

కలిసి ఉన్న పదార్థాలను విడదీయడం మానవుడికి అనాదిగా నిత్యకృత్యం. కళ్లంలో రైతు ధాన్యాన్ని తూర్పారబట్టి పొల్లును వేరుచేస్తాడు. ఇల్లాలు చేటతో బియ్యం చెరిగి తవుడు పోగొడుతుంది. జల్లెడతో పిండి జల్లిస్తుంది. కవ్వంతో పెరుగు చిలికి వెన్న తీస్తుంది. చూడటానికి ఇవి వేరువేరు పనులైనా వీటన్నింటిలో ఉన్న సూత్రం ఒకటే. కలిసి ఉన్న పదార్థాలకు ఏదో ఒక గుణంలో భేదం ఉంటుంది. గింజకన్నా పొల్లు తేలిక. పిండికన్నా నూక పెద్దది. ఆ భేదాన్ని కనిపెట్టి, దానినే సాధనంగా చేసుకోవడం వేరుచేసే విద్యలోని రహస్యం. ఈ విద్యకు కఠినమైన పరీక్ష పెట్టిన పదార్థం నీరు.

వానకాలంలో ఏరు ఎర్రనీటితో ప్రవహిస్తుంది. ఆ నీటిని బిందెలో పట్టి కదల్చకుండా ఉంచితే ఇసుక త్వరగా అడుగుకు చేరుతుంది. పైనున్న నీటిని మెల్లగా మరొక పాత్రలోకి వంచుకోవడాన్ని తేర్చడం అంటారు. ఇంకా మిగిలిన నలకలను పలుచని బట్టతో వడగడతారు. అయితే అతి సూక్ష్మమైన మట్టిరేణువులు ఎంతసేపటికీ అడుగుకు దిగవు, బట్టకూ చిక్కవు. ఒకే రకమైన విద్యుదావేశం ఉండటంచేత అవి ఒకదానినొకటి నెట్టుకుంటూ నీటిలోనే తేలియాడుతుంటాయి. దీనికి మన పూర్వులు చిల్లగింజను ఉపాయంగా కనుగొన్నారు. సంస్కృతంలో దానికి కతకమని పేరు. ఆ గింజను కుండ లోపలివైపు అరగదీస్తే దానిలోని పదార్థాలు మట్టిరేణువులను ఒకచోటికి చేరుస్తాయి. అవి గుంపులై, బరువెక్కి, అడుగుకు దిగుతాయి. పటిక వేసినప్పుడు జరిగేది కూడా దాదాపు ఇదే. నీరు తేటపడుతుంది.

ఇంతవరకు చెప్పుకొన్నవన్నీ నీటిలో కలిసినవే కాని కరిగినవి కావు. గ్లాసు నీటిలో చిటికెడు ఉప్పు వేసి కలిపితే కథ మారుతుంది. ఉప్పు అయాన్లుగా విడిపోయి నీటి అణువుల నడుమ అంతటా సమంగా వ్యాపిస్తుంది. ఇటువంటి మిశ్రమాన్ని ద్రావణం అంటారు. ఇందులో నీరు ద్రావణి, ఉప్పు ద్రావితం. దీనిని ఎన్ని రోజులు నిలిపినా ఉప్పు అడుగుకు చేరదు. ఎంత దట్టమైన బట్టతో వడగట్టినా చిక్కదు. సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అయినా దోసిట పట్టి చూస్తే అది తేటగానే కనిపిస్తుంది. దాని నుంచి ఉప్పును పొందాలంటే నీటిని ఆవిరి చేయాలి. నౌపడ, చినగంజాం వంటి చోట్ల ఉప్పుమడులలో ఎండ చేసే పని ఇదే. ఉప్పును విడిచి నీటినే పొందాలంటే ఆ ఆవిరిని పట్టి చల్లార్చాలి. దీనిని స్వేదనం అంటారు. ఏమైనా, సముద్రపు నీటిలోని ఉప్పును కన్ను చూడలేకపోయినా నాలుక పసిగడుతుంది. నాలుకకు కూడా తెలియకుండా నీటిలో దాగి ఉండే ద్రావితాలతోనే అసలు ప్రమాదం.

అటువంటి వాటిలో ఫ్లోరైడ్ ఒకటి. కొన్ని రకాల శిలల్లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. భూగర్భజలం ఆ శిలల పగుళ్లలో చాలాకాలం నిలిచినప్పుడు వాటిలోని ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా నీటిలో కరుగుతుంది. అల్పమోతాదులో ఇది దంతాలకు మేలే చేస్తుంది. తాగునీటిలో మాత్రం లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అంటే వెయ్యి లీటర్ల తొట్టిలో ఒకటిన్నర గ్రాములన్నమాట! ఇంత స్వల్పమైన పరిమాణానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు.

హద్దు మీరిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి శరీరంలో చేరితే కలిగే వ్యాధి ఫ్లోరోసిస్. ఎదిగే వయసులో ఉన్న పిల్లల దంతాలపై మొదట సుద్దవంటి తెల్లని మచ్చలు, ఆపై గోధుమరంగు చారలు ఏర్పడతాయి. వ్యాధి ముదిరితే కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్ను వంగిపోతుంది, ఎముకలు వంకర తిరుగుతాయి. ఒకసారి వంకర తిరిగిన ఎముకను పూర్వస్థితికి తెచ్చే మందు లేదు. నివారణ ఒక్కటే మార్గం. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి ఉన్నట్లు 1937లో షార్ట్, ఆయన సహచరులు వైద్యలోకానికి తెలియజేశారు. తరువాతి కాలంలో నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధితో ముడిపడింది. గట్టి గ్రానైటు శిలలు, తక్కువ వర్షపాతం, నానాటికీ లోతుకు పోయిన బోరుబావులు అక్కడి ప్రజలకు శాపమయ్యాయి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల పల్లెల్లో నిండుయౌవనంలోనే నడుము వంగినవారు ఎందరో కనిపించేవారు. వారు తాగినది మురికినీరు కాదు, అద్దంలాంటి తేటనీరు.

ఇటువంటి నీటిని మరగబెట్టి తాగితే చాలునని కొందరు భావిస్తారు. మరగబెట్టడంవల్ల సూక్ష్మజీవులు నశిస్తాయి, ఫ్లోరైడ్ నశించదు. పైగా కొంత నీరు ఆవిరైపోవడంచేత మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. బట్ట పనికిరాదు, నిప్పు పనికిరాదు. మరి దారి ఏది?

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1970వ దశకంలో దీనికొక దారి చూపారు. అదే నల్లగొండ పద్ధతి. ఇందుకు కావలసినవి అంగడిలో దొరికే పటిక, సున్నం, సూక్ష్మజీవులను చంపడానికి బ్లీచింగ్ పౌడరు. నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉన్నదో, క్షారగుణం ఎంత ఉన్నదో పరీక్షించి, దాన్నిబట్టి పటిక మోతాదును నిర్ణయిస్తారు. సున్నం అందులో సుమారు ఇరవయ్యోవంతు సరిపోతుంది. వీటిని నీటిలో కలిపి, పది నిమిషాలు మెల్లగా తిప్పి, గంటసేపు కదల్చకుండా ఉంచుతారు. పటిక నీటిలో చర్య జరిపి అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. అది దూదిపింజల వంటి మెత్తని ముద్దలు కడుతుంది. కరిగి ఉన్న ఫ్లోరైడ్ ఆ ముద్దలకు అంటుకుని వాటితోపాటే అడుగుకు దిగుతుంది. పైనున్న నీటిని తేర్చి, వడగట్టి వాడుకోవచ్చు. కరిగినదానిని ముందుగా ఘనపదార్థానికి అంటిస్తే, ఆ తరువాత దానిని వేరుచేయడానికి పాత పద్ధతులే చాలునన్నమాట. చిల్లగింజతో నీటిని తేర్చిన పూర్వుల అనుభవానికి ఆధునిక రసాయనశాస్త్రం చేసిన విస్తరణగా దీనిని భావించవచ్చు. ఇదే సమస్యతో బాధపడిన టాంజానియా, ఇథియోపియా దేశాలలోనూ ఈ పద్ధతిని ప్రయోగించారు.

ఈ పద్ధతికి పరిమితులు లేకపోలేదు. పటిక తగ్గితే ఫ్లోరైడ్ మిగులుతుంది; హెచ్చితే నీటిలో అల్యూమినియం, సల్ఫేటు పెరుగుతాయి. అడుగున చేరిన మడ్డిని జాగ్రత్తగా పారవేయాలి. లేకుంటే తీసిన విషం తిరిగి నేలలోకే చేరుతుంది. ప్రతిరోజూ తప్పకుండా శ్రద్ధతో చేయవలసిన పని కావడంచేత చాలాచోట్ల ఇది ఎక్కువకాలం సాగలేదు. ఉత్తేజిత అల్యూమినాతోను, విలోమ ద్రవాభిసరణంతోను ఫ్లోరైడ్‌ను తొలగించే విధానాలు తరువాత వ్యాప్తిలోకి వచ్చాయి. ఫ్లోరైడ్ తక్కువగా ఉండే నదీజలాన్ని శుద్ధిచేసి ఊరికి చేర్చడం మరొక మార్గం. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం కృష్ణా, గోదావరి జలాలను గొట్టాల ద్వారా ఇళ్లకు అందించింది.

తాగే నీటిని తెలుగువారు మంచినీరు అంటారు. తేటదనం కంటికి తెలుస్తుంది. మంచితనం పరీక్షకు నిలిచినప్పుడే తెలుస్తుంది. కంటికి కనిపించేది మిశ్రమంలో ఒక భాగం మాత్రమేనని, కనిపించనిదానిని కూడా కొలిచి చూడాలని విజ్ఞానశాస్త్రం బోధిస్తుంది. కొత్తగా బోరు తవ్విన ప్రతి ఊరిలోను ఆ నీటిని తాగడానికి ముందు పరీక్ష చేయించాలని పట్టుబట్టే విద్యావంతులు ఉంటే, రేపటి తరం పిల్లలు నిటారుగా నిలబడి నడవగలుగుతారు.