ఇంటికి వచ్చిన గానసభ

చిక్కడపల్లియందలి త్యాగరాయ గానసభలో కచేరీ వినివచ్చినవారికి, అదే పాటను ఇంట రికార్డుపై వినునప్పుడు ఏదియో కొఱత తోఁచును. ఆ కొఱతను తీర్చు విధానమును గూర్చి యిచట కొంచెము వివరించెదము.

ధ్వని సెకండునకు ఇంచుమించు 340 మీటర్లు పోవును. గాయకుని కంఠధ్వని మొదట తిన్నగా మన చెవిని చేరును. పిదప గోడలను, కప్పును తాఁకి మరలినది చేరును. ఇఱుకైన యింటిగదిలో నది వెనువెంటనే వచ్చి యణఁగిపోవును. సభామందిరములో 20 మీటర్లు అధికముగఁ దిరిగిన ధ్వని సెకండులో 17వ వంతు ఆలస్యముగ వచ్చును. ఇట్టివి వేలకొలఁది కలిసి పాటకు నిండుదన మొసఁగును. దీనినే అనురణన మందురు.

1895లో అమెరికాయందు హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉపన్యాసశాల యొకదానిలో మాటలు స్పష్టముగ వినబడకుండెను. పలికిన మాట 5½ సెకండ్లు మ్రోగుచుండెను. వాలెస్ సాబిన్ అను ఆచార్యుఁడు రాత్రులందు మఱియొక శాలనుండి మెత్తలు తెప్పించి పఱపించి, అనురణనము తగ్గుటను కొలిచెను. మెత్తలవలెనే మనుష్యులును ధ్వనిని పీల్చుదురని కనుఁగొనెను.

నేఁడు మందిరమును ఇంటికిఁ దెచ్చుట యెట్లన, వేదికపై బెలూ నొకటి పగులఁగొట్టి, శ్రోత కూర్చుండుచోట ఆ చప్పుడును దాని యనురణనమును రికార్డు చేయుదురు. ఇది మందిరపు ముద్ర. సి.డి.పై పాట సెకండునకు 44,100 అంకెలుగ నుండును. కంప్యూటరు ఒక్కొక్క యంకెను ఒక చిన్న చప్పుడుగ నెంచి, దానికిఁ దగినంతగా ముద్రను జేర్చి, అన్నిటిని గూడును. తిన్నని ధ్వనిని ముందు స్పీకర్లనుండియు, అనురణనమును ప్రక్కలనుండియు వెనుకనుండియు వినిపించిన మేలు.

అయితే మెత్తని కుర్చీలు లేని ఖాళీమందిరమున ముద్ర తీసినయెడల, ఇంట వినబడునది ఖాళీమందిరమే. అందు సాహిత్యము కలగాపులగ మగును. కృతికి సాహిత్యము ప్రాణము గదా! కావున ప్రతి మాటయు స్పష్టముగ వినబడువఱకు అనురణనమును తగ్గింపవలెను. సభకుఁ బోఁజాలని పెద్దలకు వినిపించునప్పు డీ జాగ్రత్త మఱింత యవసరము.

విద్యార్థులారా! ప్రార్థనామందిరము ఖాళీగ నున్నప్పు డొకమాఱును, మీ రందఱు నిండియున్నప్పు డొకమాఱును చప్పట్లు కొట్టి చూడుఁడు. సంగీతమునకు గోడ లెంత ముఖ్యమో, ప్రక్కన గూర్చుండి వినువారును అంతే ముఖ్యమని మీ చెవులే చెప్పును.