ఎనిమిదిన్నర అంగుళాల అందం

తెలుగు ఊళ్లలో ‘లవ్ బర్డ్స్’ పేరుతో అమ్మే చిన్న చిలుకల్లో ఎక్కువ భాగం లవ్ బర్డ్స్ కావు, బడ్జరిగర్లు. అసలు లవ్ బర్డ్స్ సొంత నేల ఆఫ్రికా. వాటి తోక పొట్టి. బడ్జరిగర్‌ది ఆస్ట్రేలియా, తోక పొడవు, వీపు మీద నల్లటి అలల గీతలు. పెంపకందారులు వీటిని బడ్జీలంటారు. ఈ బడ్జీల్లోనూ రెండు తీర్లు. ఒకటి అంగడి పంజరాల్లో కనిపించే సన్నని, చురుకైన పిట్ట. రెండోది పోటీల కోసం పెంచే ప్రదర్శన పక్షి: పెద్ద తల, వెడల్పు భుజాలు, కళ్ల మీదికి వాలే నుదుటి ఈకలు, ముఖంలోకి ఒదిగిపోయిన ముక్కు. రెండింటినీ పక్కపక్కన ఉంచితే ఒకే జాతి అంటే కొత్తవారు నమ్మరు. అడవి బడ్జీ పొడవు 18 సెంటీమీటర్లు, బరువు 30 నుంచి 40 గ్రాములు. ప్రదర్శన పక్షి అంతకన్నా కొన్ని సెంటీమీటర్లు పొడవు, బరువులో దాదాపు ఒకటిన్నర రెట్లు. ఈ తేడా ప్రకృతి తెచ్చింది కాదు. కాగితం మీద రాసుకున్న ఒక ప్రమాణాన్ని ఎదురుగా పెట్టుకుని మనుషులు తరతరాలుగా జతలు కట్టి సాధించింది.

ఈ పక్షిని శాస్త్రలోకానికి 1805లో పరిచయం చేసినవాడు జార్జ్ షా. పక్షి శాస్త్రవేత్త జాన్ గూల్డ్ 1840లో ఆస్ట్రేలియా నుంచి ప్రాణంతో ఇంగ్లండుకు తెచ్చాడు. పంజరంలో సులువుగా గుడ్లు పెట్టడంతో కొద్ది దశాబ్దాల్లోనే ఐరోపా అంతటా పాకింది. అడవిలో దానిది ఒకటే రంగు, ఆకుపచ్చ. 1870ల్లో బెల్జియంలో పసుపు పిల్లలు, ఆ తర్వాత నీలం పిల్లలు పుట్టాయి. నీలం బడ్జీలను 1910లో లండన్‌లో చూపించేసరికి జనం ఎగబడ్డారు. బ్రిటన్‌లో 1925లో ఏర్పడిన బడ్జరిగర్ క్లబ్ 1930లో బడ్జరిగర్ సొసైటీగా మారింది. మంచి బడ్జీ ఎలా ఉండాలో మాటల్లోనూ, బొమ్మలోనూ నిర్దేశించే పని అక్కడే ఊపందుకుంది. నేడు చాలా దేశాల సంఘాలకు సొంత ప్రమాణాలున్నాయి. వాటిని ఒక్క తాటి మీదికి తేవడానికి ప్రపంచ బడ్జరిగర్ సంస్థ కూడా ఉంది.

రంగుల గుట్టు ఇటీవల విడింది. బడ్జీ ఆకుపచ్చదనం ఒకే రంగు కాదు. ఈక నిర్మాణం వెలుగును వెదజల్లడం వల్ల కలిగే నీలం మీద పసుపు వర్ణకం పరుచుకుంటే కంటికి ఆకుపచ్చగా తోస్తుంది. ఆ పసుపును తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క మార్పు రావడమే నీలం బడ్జీ పుట్టుకకు కారణమని 2017లో ‘సెల్’ పత్రికలో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అందితేనే పిల్ల నీలంగా పుడుతుంది. ఒకవైపు నుంచే అందితే చూడటానికి పచ్చ, లోపల నీలాన్ని మోసే పక్షి. మరికొన్ని రంగులు లింగాన్ని బట్టి వారసత్వంగా వస్తాయి కాబట్టి, ఏ పుంజును ఏ పెట్టతో జత చేయాలో తెలిసినవారు పిల్ల గూటిలో ఉండగానే రంగు చూసి అది ఆడదో మగదో చెప్పేస్తారు.

అయితే ప్రదర్శనలో రంగు ఒక్కటే గెలిపించదు. అక్కడ ఆకారానిదే పెద్దపీట. బ్రిటిష్ ప్రమాణం చాలాకాలం నడినెత్తి నుంచి తోక కొస దాకా ఎనిమిదిన్నర అంగుళాల పొడవును, అంటే సుమారు 216 మిల్లీమీటర్లను ఆదర్శంగా చూపింది. పక్షి కర్ర మీద నిటారుగా కాకుండా, అలాగని వాలిపోకుండా, నిలువు గీతకు సుమారు 30 డిగ్రీల వంపుతో నిలవాలి. వీపు తిన్నగా సాగాలి. తల ఏ వైపు నుంచి చూసినా గుండ్రంగా, వెడల్పుగా, కంటి స్థాయిని దాటి నిండుగా లేవాలి. కన్ను తల ముందు అంచుకూ పైఅంచుకూ వెనుక అంచుకూ దూరంగా, స్పష్టంగా మెరవాలి. గొంతు దగ్గర శుభ్రమైన మాస్కు, దాని మీద సమదూరంలో ఆరు గుండ్రని నల్ల చుక్కలు ఉండాలి. చివరి రెండూ కొంత చెంప మచ్చల కింద దాగాలి. రెక్క కొసలు తోక మొదలు పైన ఒకదాన్ని ఒకటి తాకాలి తప్ప కత్తెరలా దాటకూడదు. ఒక్కో రెక్కకు ఏడు పెద్ద ఈకలు కనిపించాలి. నడినెత్తి మీద నల్ల నలుసులు పడితే లోపం. చుక్కల్లో ఒకటి రాలినా, పక్కకు జరిగినా లోపమే. అందుకే పోటీకి వారాల ముందు పెంపకందారులు అదనపు చుక్కల ఈకలను పట్టకారుతో ఏరేసి, ఆరే మిగిలేలా సరిచేస్తారు. ఇది అందరూ ఒప్పుకున్న సింగారమే, మోసం కింద రాదు.

ప్రదర్శనకు పక్షిని ఒకే కొలత, ఒకే తీరు పంజరంలో తెస్తారు: బయట నలుపు, లోపల తెలుపు, రెండు కర్రలు. పంజరం మీద యజమాని పేరుండదు, తరగతి సంఖ్య మాత్రమే. పక్షి కాలికి మాత్రం పుట్టిన సంవత్సరం, పెంపకందారు గుర్తు చెక్కిన అతుకులేని రింగు ఉంటుంది. పిల్ల పుట్టిన అయిదో రోజుకూ పదో రోజుకూ మధ్య, పాదం ఇంకా చిన్నగా ఉండగానే, దాన్ని తొడగాలి. తర్వాత వేయడం కుదరదు కాబట్టి వయసు విషయంలో అబద్ధానికి చోటు తక్కువ. కొత్తవారు, అనుభవజ్ఞులు, ఛాంపియన్లు వేర్వేరు అంచెల్లో పోటీపడతారు. న్యాయనిర్ణేత ఒక్కో పంజరాన్నీ విడిగా చూసి, తర్వాత పక్కపక్కన పెట్టి పోల్చి వరుస తేలుస్తాడు.

తగువంతా ఈ పోలికలోనే మొదలవుతుంది, దాని మూలం ఈకలో ఉంది. బడ్జీ ఈకల్లో పొట్టిగా, బిగువుగా ఒంటికి అంటుకునేది ఒక తరహా. పొడవుగా, వెడల్పుగా, అడుగున మెత్తని నూగుతో ఉబ్బి ఉండేది రెండో తరహా. దీన్ని ‘బఫ్’ అంటారు. బఫ్ ఈక ఉన్న పక్షి ఎముకలు పెరగకుండానే పెద్దగా కనిపిస్తుంది. ప్రమాణం పెద్ద తల అడిగింది, న్యాయనిర్ణేతలు పెద్ద తలకు బహుమతి ఇచ్చారు, పెంపకందారులు బఫ్‌తో బఫ్‌ను జత చేశారు. బ్రిటన్‌లో హ్యారీ బ్రయన్ వంటివారు తీర్చిదిద్దిన వంశాల ముద్ర చాలా గూళ్ల మీద పడింది. ఆ తర్వాత జర్మనీకి చెందిన యో మానెస్ పక్షులు మరో మలుపు తిప్పాయి. నుదుటి ఈకలు పైకి లేచి పక్కలకు విచ్చుకుని తలను రెండింతలు చేసి చూపే ఆ రూపం ప్రపంచమంతటా గెలుపు గుర్తయింది.

అభిప్రాయాలు చీలింది ఇక్కడే. ఒక పక్షం వాదన ఇది: ప్రమాణం కదలని శాసనం కాదు, అందుకోవలసిన ఆదర్శం. మునుపటి తరం ఊహించలేని తలను ఈ తరం సాధిస్తే బొమ్మను కూడా ముందుకు జరపాలి. ఆదర్శ చిత్రాన్ని సంఘాలు మార్చుకుంటూ వచ్చినది అందుకే. అవతలి పక్షం ప్రమాణంలోని అక్షరాన్నే చూపిస్తుంది. కన్ను స్పష్టంగా మెరవాలని రాసి ఉండగా, కళ్లను ఈకలు కప్పేసిన పక్షికి మొదటి బహుమతి ఎలా ఇస్తారు? రెక్కలు బిగువుగా ఉండాలని రాసి, ఉబ్బిన ఈకల వల్ల నిలకడ చెడిన పక్షిని ఎలా మెచ్చుకుంటారు? ఈ ప్రశ్నలకు సూటి జవాబు దొరకలేదు. రాసిన ప్రమాణం ఒకటి, బహుమతులు నేర్పే ప్రమాణం మరొకటి అయినప్పుడు పెంపకందారు రెండోదాన్నే పాటిస్తాడు.

ఈక మోజు మూల్యాన్ని పక్షి చెల్లిస్తోంది. తోక అడుగున దట్టంగా పెరిగిన ఈకలు జతకట్టడానికి అడ్డం వస్తాయి. గుడ్లు పిల్ల కట్టవు. అందుకే ప్రదర్శన పక్షుల పెంపకందారులు జత వేసే ముందు ఆ ఈకలను కత్తిరించడం మామూలైంది. ఒకే వంశంలో మళ్లీ మళ్లీ జతకట్టించడం వల్ల సంతానశక్తి ఇంకా తగ్గుతుంది. కొన్ని వంశాల్లో ఈకలు చర్మంలోనే చిక్కుకుని గడ్డలవుతాయి. మరీ దారుణం ‘ఫెదర్ డస్టర్’ పిల్లలు: ఈకలు ఆగకుండా పెరిగి వంకీలు తిరిగి, చూపు మూసుకుపోయి, ఎగరలేక, సాధారణంగా ఏడాదిలోపే చనిపోతాయి. బాధ కలిగించే లక్షణాల కోసం జంతువులను పుట్టించడాన్ని జర్మనీ జంతు సంరక్షణ చట్టంలోని 11బి సెక్షన్ నిషేధిస్తుంది. న్యాయం పక్షివైపే ఉంది. చూడలేని, తనంతట తాను సంతానం కనలేని రూపాన్ని ఆదర్శమనడం తప్పు.

బడ్జీ లోకంలో ఇంకో వివాదం రంగుకూ ఆకారానికీ మధ్య. అరుదైన రంగు రకాలకు తల చిన్నది కావడంతో పచ్చ, నీలం పక్షుల ముందు అవి నిలవలేవు. వాటికి విడి తరగతులు పెట్టినా, చివరి పోటీలో అన్నీ ఒకే వరుసలోకి వస్తాయి.

ప్రమాణం జంతువును ఎలా మలుస్తుందో తెలుగు రైతుకు ఒంగోలు జాతి చెబుతుంది. ఇక్కడ దుక్కికీ బండికీ పనికొచ్చే నడక, కాళ్ల బలం చూసి ఎంచిన ఆ పశువు బ్రెజిల్ వెళ్లి ‘నెలోర్’ పేరుతో, 1938లో మొదలైన వంశావళి పుస్తకంతో, మాంసం దిగుబడి ప్రమాణాల కింద పెరిగింది. నెత్తురు ఒకటే, అడిగిన గుణం వేరు. చూస్తే రెండు పశువులు.

నక్రేకల్, సూర్యాపేటల మధ్య జాతీయ రహదారి మీద ఉన్న కేతేపల్లి వంటి మెట్ట ఊళ్లకు బడ్జీ పెంపకం కొంత అనుకూలమే. వర్షాల వెంట తిరుగుతూ గడ్డి గింజలు తినే అడవి బడ్జీకి ఎండిన నేల కొత్త కాదు. పంజరంలో బడ్జీకి ప్రధాన ఆహారం చిరుధాన్యాలు: కొర్రలు, వరిగలు, సజ్జలు. నల్లగొండ, పాలమూరు మెట్టల్లో ఒకప్పుడు పేదవాడి సంకటికైన గింజలే ఇవి. కాల్షియం కోసం సముద్రపు నురుగు పెంకు వేలాడదీస్తారు. ఎండ మాత్రం చూసుకోవాలి. ఇక్కడ మే నెలలో 44 డిగ్రీలు దాటే వేడి బఫ్ ఈకల బరువైన పక్షిని సన్నని పిట్టకన్నా ఎక్కువ పీడిస్తుంది. చెమట గ్రంథులు లేని పక్షి ప్రధానంగా నోరు తెరిచి రొప్పడం ద్వారా చల్లబడుతుంది. కాబట్టి జతలు చలికాలంలో వేసి, వేసవిలో విశ్రాంతి ఇవ్వడం మేలు.

చట్టం విషయంలోనూ తేడా తెలియాలి. రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బడ్జరిగర్ విదేశీ జాతి, అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాల్లోనూ లేదు.

మన దగ్గర చాలామంది పెద్ద పంజరంలో చిన్న మట్టికుండలు వేలాడదీసి, అన్ని జతలనూ కలిపి వదిలేస్తారు. పిల్లలు కావాలంటే ఇది చాలు. ప్రదర్శన పక్షి కావాలంటే చాలదు, ఏ పిల్లకు తండ్రి ఎవరో తేలదు కనుక. జతకు ఒక విడి పెట్టె, దానికో గూడు, ఒక పుస్తకంలో తేదీలు, రింగు సంఖ్యలు అవసరం. పెట్ట రోజు విడిచి రోజు నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. సుమారు 18 రోజులకు గుడ్డు పగులుతుంది. అయిదు వారాలకు పిల్ల గూడు విడుస్తుంది. పిల్లల నుదుటి మీది అడ్డగీతలు మూడు నాలుగు నెలల వయసులో మొదటిసారి ఈకలు రాల్చినప్పుడు పోయి, నుదురు తెల్లగానో పసుపుగానో తేలుతుంది. ఏది ఉంచుకోవాలో అనుభవజ్ఞులు అప్పుడు కూడా వెంటనే తేల్చరు. ప్రదర్శన వంశాల్లో తల ఆకారం ఏడాది దాకా మారుతూనే ఉంటుంది.