అరకు కొండలలో బండి ‘ఱ’

విశాఖపట్టణమునుండి అరకు పోవు రైలు బొర్రా గుహల వైపు కొండలెక్క నారంభింపగానే పెట్టెలోని పిల్లలందరును ఒక్క గొంతుతో ‘టన్నెల్!’ అని కేకలు వేయుదురు. 1960 దశకమున కొండలను తొలిచి వేసిన ఆ మార్గమున సొరంగములు పదులకొలది యున్నవి గనుక ఆ కేక పదేపదే వినవచ్చును. మాట ఇంగ్లీషుదే, మొదటి ధ్వని మాత్రము ఇంగ్లీషుది కాదు.

ఇంగ్లీషు హల్లును గుర్తించుటకు ధ్వనిశాస్త్రజ్ఞులు మూడు ప్రశ్నలు వేయుదురు. నోటిలో ఎచట పుట్టినది? గాలి పూర్తిగా ఆగినదా, ఒరసికొనుచు పోయినదా? కంఠమున నాదమున్నదా? గొంతుపై వ్రేలుంచి సకారమును సాగదీసినచో అదురు తెలియదు. మకారమును సాగదీసినచో తెలియును. ఈ విద్య మనకు క్రొత్త కాదు. కంఠ్యములు, తాలవ్యములు, మూర్ధన్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అని బడిలో వల్లించునది ఇదియే.

అయినను ఆ వరుసలో ఒక వెలితి యున్నది. తకారమునకు నాలుక కొన పండ్లను తాకును. టకారమునకు వెనుకకు మడిగి అంగుటిని తాకును. ఇంగ్లీషువారి ‘టన్నెల్’కు ఈ రెంటి నడుమ, పైపండ్ల వెనుకనున్న చిగుళ్ల గట్టును తాకవలెను. న, ల లను పలుకునప్పుడు మన నాలుకయు సాధారణముగా అచటికే పోవును; కాని అచట గాలిని పూర్తిగా ఆపి పలుకు హల్లునకు మనకు అక్షరము లేదు. కనుక టకారముతో సరిపెట్టుకొనుచున్నాము.

పూర్వము ఈ వెలితి లేదు. మూలద్రావిడమున ఆ గట్టుపైననే పుట్టు స్పర్శమొకటి యుండెనని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. మలయాళమున అది ద్విత్వముగా నేటికిని నిలిచినది. తెలుగున ఒకచో బండి ‘ఱ’ యైనది, వేరొకచో ట, డ లలో కలిసినది. తమిళుల ‘మూన్ఱు’ మనకు ‘మూడు’ అగుట అట్లే. నన్నయ నాటికి ఱ, ర లు వేర్వేరు. పిదప ఆ భేదము నాలుకనుండి జారి ప్రాసనియమములలో మిగిలినది. శకటరేఫమును గూర్చి మన విద్యార్థులు పరీక్షలలో పుటలు వ్రాయగలరు. చెవితో విన్నవారు అరుదు.

వినవలెనన్న ఆ రైలు దిగి కొండదొరల పల్లెలకు పోవలెను. వారి కూబి భాషను గూర్చి భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో ఒక గ్రంథము ప్రకటించిరి. అందు సాధారణ రకారము వేరు. చిగుళ్ల గట్టుకడ నాలుక కొన పలుమార్లు అదరగా పుట్టు ఱకారము వేరు. ఆ అదురునకే నాదము లేని జోడు ఇంకొకటి కూడ కలదు! తెలుగు వ్యాకరణము పేరైనను వినని నోట శకటరేఫము చెక్కుచెదరక యున్నది. మూడును వారు ‘మూన్ఱి’ అందురు.

కొండదొరలలో పలువురు ఇప్పటికే కూబిని విడిచి తెలుగే మాటలాడుచున్నారు. అది నిలిచియున్న ఇండ్లలోని పిల్లలు బడికి పోయి ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్క నేర్చుకొనుచున్నారు.