గోదావరి పరీవాహమున కఱవును వఱదయు

దక్షిణ హిందూదేశపు నదులలో గోదావరి మిక్కిలి పెద్దది. అది నాసిక్ పట్టణము చెంత త్ర్యంబకేశ్వరమున బుట్టి, 1,465 కిలోమీటరులు ప్రవహించి బంగాళాఖాతమున గలియుచున్నది. దానికి నీరు చేర్చు భూమి 3 లక్షల చదరపు కిలోమీటరులకు మించినది. శ్రావణమున ఊళ్లను ముంచు నదియే వైశాఖమున ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయయై కనబడుటకు గారణమేమి? ఒకయేడు పొంగి మఱియొకయేడు చిక్కిపోవుట యేల? ఈ సంగతిని విద్యార్థులు విచారింపవలసియున్నది.

త్ర్యంబకేశ్వరమున వర్షము మెండు. కాని పడమటి కనుమలు మేఘముల నడ్డగించుటచే, కొలదిదూరము తూర్పునకు వచ్చినంతనే వర్షము మిక్కిలి తగ్గును. మరాఠ్వాడా ప్రాంతము ఈ కొఱతకు లోనైనదే. దిగువభాగమట్లు గాదు. విదర్భ జలములతో ప్రాణహితయు, బస్తరు అడవులనుండి ఇంద్రావతియు, ఒడిస్సా కొండలనుండి శబరియు వచ్చి కలియును. కావున గోదావరి నీటిలో అధికభాగము ఈ ఉపనదులదే.

ఈ నీరంతయు నైరృతి ఋతుపవనముపై నాధారపడినది. జూను మొదలు సెప్టెంబరు వఱకు గల నాలుగు నెలలలోనే సంవత్సరపు ప్రవాహములో అధికభాగము గడచిపోవును. బంగాళాఖాతమున బుట్టిన వాయుగుండములు వాయవ్యముగా సాగి ఒకదానివెంట నొకటి వచ్చినచో, మొదటి వానకు నేల నాని, తరువాతి వాన యింకక యేళ్లలోనికి బరుగెత్తును. ఉపనదులన్నియు నొకేమారు పొంగిన గొప్ప వఱద యగును. పసిఫిక్ మహాసముద్రపు నీరు వేడెక్కు 'ఎల్ నినో' సంవత్సరములలో ఋతుపవనము తఱచు బలహీనపడును. అట్టి యేటనెల్ల కఱవు తప్పదని చెప్పరాదు. కాని పెక్కు కఱవులు అట్టి యేండ్లలోనే వచ్చినవి. ఈ రెండింటికిని గడియారమువంటి నియతకాలము లేదు. అందుచేతనే జాగ్రత్త యవసరము.

1832-33 సంవత్సరముల నందన కఱవును పెద్దలు డొక్కల కఱవని చెప్పుకొనిరి. 1821లో సుమారు 7,38,000 జనులుండిన రాజమహేంద్రవరపు జిల్లాలో, 1841 నాటికి సుమారు 5,61,000 మంది మాత్రమే మిగిలిరి. కొందఱు మృతినొందిరి; కొందఱు పొట్ట చేతబట్టుకొని వలసపోయిరి. గొప్పనది యింటిముందు ప్రవహించుచుండగా జనులు కఱవుచే నశించుట యెట్లు? పొలములకంటె నదిమట్టము తక్కువ. వఱదనాడు తప్ప నీరు కాలువల కెక్కదు. ఆర్థర్ కాటను దొర 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట నారంభింపగా 1852లో అది పూర్తియైనది. నీటిమట్టము పెరిగి కాలువలు నిండెను, డెల్టా అన్నపూర్ణయైనది. ఆ ఆనకట్ట స్థానమున 1982 నాటికి క్రొత్త బారేజి సిద్ధమైనది.

అయితే ఒక విషయము మఱవరాదు. ఆనకట్ట నీటిని మళ్లించునే కాని వఱదను మ్రింగి దాచలేదు. 1953లో గట్లు తెగి డెల్టా మునిగెను. 1986 ఆగస్టున భద్రాచలమువద్ద నీరు 75.6 అడుగుల కెక్కెను. ధవళేశ్వరమువద్ద సెకనునకు సుమారు 35 లక్షల ఘనపుటడుగుల నీరు సముద్రమునకు బోయెను. 2022 జూలైలో భద్రాచలమున మరల 71.3 అడుగుల మట్టము కనబడెను. అచ్చట 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక నిత్తురు.

ఇదే నదీపరీవాహమున మంజీరయొడ్డున జరిగిన సంగతి వినుడు. వానలు తప్పి జలాశయ మెండుటచే, 2016 ఏప్రిలులో లాతూరు పట్టణమునకు రైలుబండిపై త్రాగునీరు తెచ్చిరి. మొదటి బండి తెచ్చినది సుమారు 5 లక్షల లీటరులు. ఆ యేటి వానకాలము చివర ఆ ప్రాంతముననే భారీవర్షములు కురిసి మంజీర పొంగెను. కఱవును వఱదయు ఆఱు నెలల యెడములోనే వచ్చినవి!

జలాశయముల నేలు అధికారి చిక్కు ఇందే కలదు. కఱవునకు వెఱచువాడు జలాశయము నిండియుండవలె ననును. వఱదకు వెఱచువాడు ఖాళీగా నుండవలె ననును. తొందరపడి విడిచినచో వేసవిలో పంట యెండును. ఆలసించి విడిచినచో దిగువ యూళ్లు మునుగును. నమ్మదగిన వర్షపు లెక్కలును, ఎగువనుండి ముందుగా వచ్చు నీటిమట్టపు వార్తలును లేనిదే అతడు ధర్మముగ నిర్ణయింపజాలడు. ఎగువ అడవులను గాపాడుట, చెఱువుల పూడిక తీయుట, వఱదదారిలో నిండ్లు కట్టకుండుట జనులందఱి విధి.

బాలబాలికలారా! మీరును ఇందు గొంత చేయగలరు. పాఠశాల ఆవరణమున నొక వర్షమాపక మమర్చి, ప్రతిదినమును ఒకే వేళ కొలిచి పుస్తకమున వ్రాయుడు. మీ తాతలనడిగి, ఏ యేట నీ రెందాక వచ్చెనో, ఏ యేట నే బావి యెండెనో తెలిసికొని ఆ లెక్క ప్రక్కనే యుంచుడు. ఒక సంవత్సరపు లెక్క స్వల్పముగా దోచును. కాని మీ వెనుక వచ్చు విద్యార్థులు దానిని విడువక సాగించినచో, ముప్పదియేండ్లకు అది మీ యూరికి వెలలేని ధనమగును. నది మఱవదు, మనమే మఱతుము. ఆ మఱపును వ్రాతయే తీర్పగలదు.