స్తంభాలు కూలినా పలికేది వైర్‌లెస్

తుపాను వేళ ఊరికి అండ హామ్ రేడియో

కూచిపూడి: నాట్యానికి పేరుపడ్డ కూచిపూడి మీదుగానే పామర్రు నుంచి చల్లపల్లి, అవనిగడ్డలకు రోడ్డు పోతుంది. దివిసీమకు అదే దారి. వాయుగుండం పుట్టిందన్న కబురు వస్తే ఈ రోడ్డు పొడవునా ఉన్న ఊళ్లలో గుబులు మొదలవుతుంది. గాలివానకు కరెంటు పోయి, ఫోను మూగబోతే కబురు తెలిసేదెలా? తమ కష్టం బయటివారికి చెప్పుకునేదెలా?

అమెరికా, ఆస్ట్రేలియాలలో అడవులు తగలబడే రోజుల్లో చాలామంది స్కానర్ అనే రేడియో దగ్గర పెట్టుకుంటారు. అది స్టేషన్ల మీద వరుసగా తిరుగుతూ, మాట వినబడిన చోట ఆగుతుంది. మంటలార్పే సిబ్బంది మాటలను బట్టి మంట ఎటు మళ్లిందో, ఏ రోడ్డు మూశారో తెలుస్తుంది. కృష్ణా డెల్టాకు అడవి మంటల బెడద లేదు. ఇక్కడి భయమంతా ఉప్పెనే.

మరువరాని రాత్రి

1977 నవంబరు 19న వచ్చిన తుపానుకు సముద్రం దివిసీమ మీద విరుచుకుపడింది. తాటిచెట్టు ప్రమాణంలో అల లేచిందని బతికి బయటపడ్డవారు చెప్పుకున్నారు. సొర్లగొంది వంటి పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. మృతులు 10 వేల వరకు ఉంటారని అంచనా. హెచ్చరికలు రేడియోలో వచ్చినా, నీరు అంత ఎత్తున వస్తుందని ఎవరూ ఊహించలేదు. తంతి, టెలిఫోను తీగలు తెగిపోయాయి. జరిగిన ఘోరం పూర్తిగా లోకానికి తెలియడానికి రోజులు పట్టింది.

ఆ తర్వాత 1980 దశకంలో కోస్తా గ్రామాలలో ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా పనిచేసే రిసీవర్లు అమర్చారు. ముందు సైరన్ మోగుతుంది, ఆపైన తెలుగులో హెచ్చరిక వినిపిస్తుంది. 1990 మే 9న కృష్ణా డెల్టాను తాకిన తుపానుకు ముందు లక్షకు పైగా జనాన్ని సురక్షిత ప్రాంతాలకు తరలించగలిగారు. అప్పటి మృతుల సంఖ్య వెయ్యి లోపే.

అయితే ఆ యంత్రం చెప్పింది వినడమే గాని, ఊరి మాట తిరిగి పంపే వీలు అందులో లేదు. పడవలు కావాలన్నా, మందులు కావాలన్నా అటునుంచి ఇటే గాక, ఇటునుంచి అటు కూడా మాట పోవాలి.

ట్రాక్టరు బ్యాటరీ చాలు

ఈ లోటు తీర్చేదే హామ్ రేడియో. 12 వోల్టుల ట్రాక్టరు బ్యాటరీతో సెట్టు పనిచేస్తుంది. రెండు కొబ్బరిచెట్ల మధ్య తీగ కట్టినా ఏరియల్ సిద్ధమే. షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశంలో పైపొరలకు తగిలి తిరిగి దిగుతాయి గనుక వందల మైళ్ల దూరానికి మాట చేరుతుంది. చేతిలో ఇమిడే చిన్న సెట్లు మాత్రం కొద్ది మైళ్ల వరకే పలుకుతాయి.

2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌కు వెళ్లింది. 26న సునామీ వచ్చి ఫోన్లు స్తంభించగా, పోర్టుబ్లేరులోని వీరి సెట్టే దీవులకు, ప్రధాన భూభాగానికి మధ్య కబుర్లు చేరవేసింది. తమవారు బతికే ఉన్నారన్న మాట ఎన్నో కుటుంబాలకు ఆ దారినే అందింది.

లైసెన్సు తప్పనిసరి

మన దేశంలో హామ్ సెట్టు పెట్టుకోవాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. 12 ఏళ్లు నిండినవారు రేడియో శాస్త్రం, నిబంధనలపై పరీక్ష రాయవచ్చు. నెగ్గినవారికి 'వి.యు.' అక్షరాలతో మొదలయ్యే గుర్తింపు పిలుపు ఇస్తారు. పోలీసు, అగ్నిమాపక శాఖల వైర్‌లెస్ మాటలను అనుమతి లేనివారు వినరాదు. హామ్ సెట్టును వ్యాపారానికి వాడరాదు.

సెట్టు ఉంటే చాలదు, వినడం నేర్వాలి. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు మీట నొక్కితే ఇద్దరి మాటా పాడవుతుంది. విన్నది విన్నట్టు రాసుకుని, తిరిగి చదివి సరిచూసుకున్నాకే పైకి పంపాలి. గాలివానలో పుకారు కూడా ప్రాణం తీయగలదు.

హైస్కూలు పిల్లల్లో ఊరికి ఇద్దరు ముగ్గురు ఈ విద్య నేర్చినా మేలే. ఆలోగా ప్రతి ఇంటా ఒక ట్రాన్సిస్టరు, కొత్త బ్యాటరీలు సిద్ధంగా ఉంచుకోవడం అవసరం. హెచ్చరిక విన్నవారు పక్కింటి తలుపు కూడా తట్టాలి.